శుక్రవారం గడప దాటని డబ్బు

విమానాశ్రయం తెరిచిన ఏడాది, అంటే రెండు వేల ఎనిమిదిలో, తెనాలి నుంచి శంషాబాద్ వచ్చినప్పుడు నా చేతిలో ఉన్నవి ఒక తూకం మిషను, పదకొండు సూట్‌కేసులు, ఒక చుట్ట నైలాన్ తాడు. నా భార్య చాముండేశ్వరి చేతిలో ఉన్నది ఒక జాడీ మాగాయ. ఐదేళ్ళ తర్వాత ఎవరి పెట్టుబడి ఎక్కువ పెరిగిందని ఎవరైనా అడిగితే నేను మాట మార్చేస్తాను.

గల్ఫ్ వెళ్ళేవాళ్ళు విమానాశ్రయంలో సామాను బరువెక్కువై అందరి ముందూ పెట్టె విప్పుకునే అవస్థ లేకుండా, ముందు నా కొట్లో తూచుకుని వెళ్తారు. తూకానికి ఇరవై రూపాయలు. ముప్పై కిలోలు తీసుకెళ్ళే వీలున్న మనిషి పెట్టె ఇరవై ఎనిమిదిన్నర తూగితే, నా కంటికి ఆ కిలోన్నర ఖాళీ కనిపిస్తుంది. “ముప్పై కిలోల టికెట్టు కొని కిలోన్నర వాళ్ళకే వదిలేసి వెళ్తారా?” అంటాను. ఆ ఖాళీలోకి చాముండేశ్వరి పచ్చడి ప్యాకెట్లు వెళ్తాయి. ఆ డబ్బు మొదటి రోజు నుంచీ ఆమెది, ఆమె ఖాతాలోదే. రెండు వేల పదమూడు శ్రావణమాసానికి అందులో నాలుగు లక్షల తొంభై వేలు పోగయ్యాయి.

పోయిన వారం మనం ఆగింది నా బావమరిది శివరామకృష్ణ మస్కట్ నుంచి చేసిన ఫోను దగ్గర. అక్కడి రువీ పేటలో ఒక కేరళ పెద్దాయన మెస్‌లో వాడు తొమ్మిదేళ్ళుగా వంటవాడు. ఆ పెద్దాయన, కోయా గారు, ఊరికి వెళ్ళిపోతూ మెస్ వాడికే ఇస్తానన్నాడు. మూడు వేల రియాళ్ళు. వచ్చే మంగళవారం మధ్యాహ్నం లోపు వాడి ఖాతాలో పడి కనిపించాలి. లేదంటే వేరేవాళ్ళకు. చాముండేశ్వరి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “నా పచ్చళ్ళ డబ్బుందిగా!” అంది. ఆ మాటకు వాడు అక్కడ ఏడ్చాడు, ఈమె ఇక్కడ ఏడ్చింది, నేను రేటు ఎంతుందో చూశాను.

రేటు మండిపోతోంది. ఆ నెలలో రూపాయి ఎలా జారిందో మీకూ గుర్తుండే ఉంటుంది. రియాలు ఒక్క రూపాయి పెరిగితే మాకు మూడు వేలు చిల్లు. కొట్టు డబ్బంతా సూట్‌కేసులై అటక మీద కూర్చుని ఉంది. ఆ నాలుగు లక్షల తొంభై వేలలోనే పని జరగాలి.

బుధవారం నేనొక తెలివైన పని చేశాను. గగన్‌పహాడ్‌లో గల్ఫ్ డబ్బు తీసుకునే కౌంటరు ఒకటుంది. మస్కట్‌లో కడితే పది నిమిషాల్లో ఇక్కడ చేతికిస్తారు. రోడ్డన్నాక రెండు వైపులా బళ్ళు నడుస్తాయి కదా అని వెళ్ళి వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. కౌంటరులో మనిషి నా మాట విని, పక్కవాణ్ణి పిలిచి వాడికి కూడా వినిపించమన్నాడు.

“అన్నా, ఈడ తీసుకునుడే ఉంటది. పంపుడు లేదు. బయటి దేశం పంపాల్నంటె బ్యాంకుకే పోవాలె.”

నా వెనక నిలబడ్డ రాములమ్మ అనే పెద్దామె నన్ను కిందికీ మీదికీ చూసింది. “దుబాయికి పైసలు పంపెటోన్ని ఇయ్యాలనే చూస్తున్న. ఆడికెళ్లి తెచ్చుకుంటరు గని గిట్ల పంపుతరా బిడ్డా?” అంది. వరుస వరుసంతా నవ్వింది.

అక్కణ్ణుంచి బ్యాంకుకు పరిగెత్తితే ఆ రోజుకు విదేశీ డబ్బు పని ముగిసింది. మర్నాడు పంద్రాగస్టు, సెలవు. శనివారం బ్యాంకు తెరిచినా రియాళ్ళ అమ్మకం ఉండదు. ఇక మిగిలింది శుక్రవారం.

సెలవు రోజు బేరాలు కనుక్కున్నాను. ఇలాంటి చోట నేను ‘నీ కమిషనెంత?’ అని అడగను. తాళం ఉచితమని చెప్పి దాని ధర సూట్‌కేసులో కలిపి అమ్మే మనిషిని నేను. ‘అక్కడ వాడి చేతిలో మూడు వేలు పడాలంటే ఇక్కడ నా చేతిలోంచి మొత్తం ఎంత పోవాలి?’ అన్నదే నా ప్రశ్న.

మస్కట్ వెళ్ళే మా కొట్టు పాత గిరాకీ ఈశ్వరయ్యను అడిగాను. “తీసుకపోత అన్నా. గని అంత నగదు ఒక్కనికి ఒప్పుకోరు. పట్టుకుంటె మాత్రం నీ పేరే చెప్త,” అన్నాడు నిజాయితీగా. ఆ దారి అక్కడితో సరి.

తర్వాత మల్లేశ్వర్. రోడ్డుకవతల మా కొట్టుకు ఎదురుగా టికెట్లు బుక్ చేసే ఆఫీసు అతనిది. టికెట్లు కాక ఇంకా ఏమేం చేస్తాడో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఇక్కడ రూపాయలు ఇస్తే అక్కడ అతని మనిషి రియాళ్ళు ఇస్తాడు, మధ్యలో కాగితం ఉండదు. రియాలుకు నూట అరవై, పైన పైసా లేదన్నాడు.

“గింత పైసలు దేనికన్నా?” అన్నాడు.

నేను ఉత్సాహంలో ఉన్నాను. రువీలో మెస్, కోయా గారు, మంగళవారం గడువు, మూడు వేల ధర, పూటకు రెండు వందల మంది భోజనం, అన్నీ చెప్పాను.

“మస్తు బేరం కొట్టిండన్నా నీ బామ్మర్ది,” అన్నాడు. ఆ మెప్పు నాకు బాగుంది.

శుక్రవారం పొద్దున బ్యాంకు తెరవగానే వెళ్ళాను. అక్కడి ఆఫీసరు ప్రేమలతది శంషాబాద్ వైపు కందుకూరు దగ్గర పల్లె. మా కొట్లో సూట్‌కేసు కొన్న పరిచయం. బోర్డు మీద రియాలు నూట అరవై మూడున్నర. ఖర్చులు రెండు వేల నాలుగు వందలు. వెరసి నాలుగు లక్షల తొంభై రెండు వేల తొమ్మిది వందలు. ఖాతాలో ఉన్నదానికి దాదాపు మూడు వేలు ఎక్కువ. ఆ తేడా ఎలాగో సర్దుకుందాం, ముందు ఖాతాదారు సంతకం కావాలి కదా అని ఫారం పట్టుకుని కొట్టు మీదున్న ఇంటికి పరిగెత్తాను.

గుమ్మానికి మామిడాకులు. లోపల కలశం, పసుపు, నేతిలో వేగుతున్న బూరెల వాసన. వ్రతం ముగించి, చేతికి తోరం కట్టుకుని, చాముండేశ్వరి పట్టుచీరలో పొయ్యి దగ్గరుంది.

“సంతకం పెట్టు, తొందరగా.”

ఫారం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. “ఇవాళ పెట్టను.”

“ఏం?”

“ఇవాళ ఏ శుక్రవారమో గుమ్మం చూసైనా తెలియలేదా మీకు? మామూలు శుక్రవారమే పక్కింటి సక్కుబాయి వచ్చి పంచదార బదులడిగితే రేపు రమ్మంటాను. ఇవాళ వరలక్ష్మీ వ్రతం. పొద్దున్నే రా తల్లీ అని పిలిచి, పూజ కాగానే ఖాతా ఊడ్చి దేశం దాటిస్తానా?”

“డబ్బు ఇంట్లో ఎక్కడుంది? బ్యాంకులో ఉంది.”

“లక్ష్మీదేవికి పాస్‌బుక్ చదవడం రాదనుకున్నారా?”

“నీ తమ్ముడి కోసమే కదా చాముండీ!”

“వాడి కోసమే వద్దంటున్నాను. తొమ్మిదేళ్ళు పరాయివాడి పొయ్యి దగ్గర నిలబడ్డాడు. ఇప్పుడు సొంత పొయ్యి వెలిగించుకోబోతున్నాడు. దాన్ని ఇంటి లక్ష్మిని బయటికి నెట్టి వెలిగించమంటారా?”

“సోమవారానికి రియాలు రెండు రూపాయలు పెరిగితే ఇంకో ఆరు వేలు కావాలి. ఎక్కణ్ణుంచి తెస్తావు?”

“అరవకండి. బూరెలు మాడుతున్నాయి.”

అప్పుడే మెట్ల మీద మల్లేశ్వర్ గొంతు వినిపించింది. “వదినా, ప్రసాదం లేదా మాకు?” మా అరుపులు రోడ్డవతలకు వినిపించి ఉంటాయి. బూరె చేతిలోకి తీసుకుని తాపీగా కూర్చున్నాడు.

“గింత పరేషాన్ ఎందుకన్నా? ఇయ్యాల మీ పైస కదలొద్దు. గంతేనా? కదలనియ్యకుర్రి. మస్కట్ల మా మనిషి ఇయ్యాలనే మీ తమ్మునికి మూడు వేలు ఇస్తడు. మీరు నాకు సోమారం ఇయ్యుర్రి. రేటు నిన్న చెప్పిందే.”

జేబులోంచి ఒక కొత్త పది రూపాయల నోటు తీసి బల్ల మీద పెట్టాడు. “దీని నంబరు మీ తమ్మునికి చెప్పుర్రి. మా మనిషి అడుగుతడు, ఇతను చెప్తడు, పైసలు చేతిల పడతయి. అయిపాయె.”

నూట అరవై అంటే నాలుగు లక్షల ఎనభై వేలు. పది వేలు మిగులు. వ్రతం చెడదు. డబ్బు ఇవాళే చేరుతుంది. నోటు వైపు చెయ్యి చాపాను కూడా.

“రసీదు ఎవరిస్తారు మల్లేశ్వర్?” అంది చాముండేశ్వరి, జల్లి గరిటెతో బూరెలు తీస్తూ.

“మాటనే రసీదు వదినా.”

“మా కొట్లో ఇరవై రూపాయల తూకానికి చీటీ ఇస్తాం. రేపు మావాణ్ణి అక్కడివాళ్ళు ఈ డబ్బెక్కడిదని అడిగితే ఏం చూపిస్తాడు? పది రూపాయల నోటు నంబరా?”

“అందరు గట్లనే పంపుతున్నరు.”

“పంపినవాళ్ళు చెప్పుకుంటారు. పోగొట్టుకున్నవాళ్ళు ఎవరికి చెప్పుకుంటారు? స్టేషనుకు వెళ్ళి చెప్పుకోగలరా?”

నేను చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మల్లేశ్వర్ నోటు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ముఖంలో కోపం లేదు. ఇంకో బూరె అడిగి తిన్నాడు. “మీ ఇష్టం వదినా. గని మంగళారం దాటితె బేరం పాయె. గసువంటి జాగ మళ్ల దొరకది,” అని మెట్లు దిగాడు.

నేను కుర్చీలో కూలబడ్డాను. చాముండేశ్వరి పొయ్యి ఆర్పి నా ఎదుట నిలబడింది.

“మీరు బొంబాయి షా గారి దగ్గర సూట్‌కేసులు కొంటారు. ధర మాట్లాడిన రోజే డబ్బు పంపుతారా?”

“ఎందుకు పంపుతాను? మాట ఇవాళ, డబ్బు సరుకు లారీ ఎక్కే రోజు.”

“మరి ఈ రియాళ్ళు అమ్మేవాడు షా గారికంటే గొప్పవాడా?”

నేను లేచి నిలబడ్డాను.

“ఇవాళ కొనండి,” అంది. “శ్రావణ శుక్రవారం బంగారం కొనమా? కొనడం అంటే లక్ష్మి రావడమే. ఇవ్వడం సోమవారం. అలా కుదురుతుందా లేదా అని బ్యాంకులో ఆ అమ్మాయిని అడిగారా మీరు?”

అడగలేదు. నేను రోజూ చేసే పనే అయినా, బ్యాంకులో అడగవచ్చని తోచలేదు. పట్టుచీరతోనే చాముండేశ్వరి నా స్కూటరెక్కింది.

ప్రేమలత మా ఇద్దర్నీ చూసి నవ్వింది. చాముండేశ్వరి ముందు ఆమెకు బొట్టు పెట్టి, పువ్వులూ శనగలూ చేతిలో పెట్టి, అప్పుడు నా వైపు చూసింది, ఇక మొదలుపెట్టండి అన్నట్టు.

“అమ్మా, ధర ఇవాళ మాట్లాడుకుని డబ్బు సోమవారం ఇస్తే కుదురుతుందా?”

“కుదురుతదన్నా. పెద్ద కంపెనీలోళ్లు రోజు చేస్తరు. గని మామూలుగ ఎవరు అడగరు.”

“మేం అడుగుతున్నాం. ఇంకోటి. బోర్డు మీద నూట అరవై మూడున్నర ఉంది. అది ఎవరి ధర?”

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “అడగనోళ్ల ధర అన్నా.”

ఐదేళ్ళ వ్యాపారంలో నాకు అంత సంతోషం కలిగిన మాట ఇంకొకటి లేదు. బ్యాంకు గోడలు, అద్దాలు, గొలుసుకు కట్టిన పెన్ను, అన్నీ మాయమై నాకది బేగంబజారులా కనిపించింది. కుర్చీ ముందుకు లాక్కున్నాను.

“అయితే అడిగినవాళ్ళ ధర కనుక్కో తల్లీ. మూడు వేల రియాళ్ళు. విడిగా కాదు, టోకుగా.”

“టోకు ఏందన్నా, ముంబైల ఉన్న మా వాళ్లు నవ్వుతరు,” అంటూనే ఫోను అందుకుంది. రేట్లు నిర్ణయించేవాళ్ళు ముంబైలో కూర్చుంటారట. హిందీలో ఏదో మాట్లాడి, ఫోను మీద చెయ్యి పెట్టింది. “సోమవారం పైసలిచ్చే లెక్కన నూట అరవై ఒకటి. లైన్ల ఉన్నరు. అవునా, కాదా?”

“నూట అరవైన్నర చెప్పు.”

“అన్నా!”

“చెప్పు తల్లీ. చెబితే పోయేదేముంది?”

చెప్పింది. వింది. ముఖం మారింది. “నువ్వు బేరమాడే లోపట ఇరవై పైసలు పెరిగింది. ఇప్పుడు నూట అరవై ఒకటి ఇరవై.”

ఇరవై పైసలంటే ఆరు వందలు. నా ఒక్క మాట ఖరీదు. ఇంకొకసారి అడిగితే తగ్గుతుందా, పెరుగుతుందా? షా గారైతే ముఖం చూసి చెప్పేవాణ్ణి. ముంబైలో ఆ మనిషి ముఖం నేనెక్కడ చూశాను?

“తీసుకోండి!” అంది చాముండేశ్వరి, బ్యాంకంతా తిరిగి చూసేలా.

ప్రేమలత ఫోనులో ‘ఓకే’ అని పెట్టేసింది.

నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందలు. ఖర్చులు రెండు వేల నాలుగు వందలు కలిపితే నాలుగు లక్షల ఎనభై ఆరు వేలు. సరిపోయింది, పైన నాలుగు వేలు మిగిలింది.

“మూడు వేలు పంపితే అక్కడ మూడు వేలే పడతాయి కదా?” అన్నాను.

“మధ్యల బ్యాంకోళ్లు కొంచెం కోసుకుంటరు. ఆ ఖర్చు గూడ ఇక్కడనే కడితె కొయ్యరు. నేను చెప్పిన ఖర్చుల అది కలిసే ఉంది.”

చాముండేశ్వరి పెన్ను తీసుకుని ఆగింది. “ఇవాళ నా ఖాతాలోంచి పైసా కదలదు కదమ్మా?”

“సోమవారం పొద్దుగాల దాంక కదలది అక్కా. మా అమ్మ గూడ శుక్రవారం చిల్లర ఇయ్యది. నాకెరుక.”

అప్పుడు సంతకం పెట్టింది.

శనివారం కొట్టు రద్దీగా ఉంది. మల్లేశ్వర్ కూడా ఒక పెట్టె ఎత్తుకొచ్చి మిషను మీద పెట్టాడు. “ఎక్కడికి?” అన్నాను. “జర పనుంది అన్నా. నాలుగు రోజులల్ల వస్త.” ఇరవై ఎనిమిది తూగింది. అలవాటు కొద్దీ ఖాళీ చూపించాను. నవ్వి, రెండు కిలోల మాగాయ తీసుకున్నాడు. ఎదురు కొట్టువాడు కదా అని తూకం డబ్బులు వద్దన్నాను.

సోమవారం రూపాయి కుప్పకూలింది. పొద్దున డబ్బు కదిలేటప్పటికే బోర్డు మీద రియాలు నూట అరవై ఏడు. దాని ముందు నిలబడి చాలామంది తల పట్టుకున్నారు. నేను మాత్రం ఆ అంకె వంక పెళ్ళిపందిట్లో పిల్లవాడిలా చూశాను. బ్యాంకు ఇచ్చిన రసీదు చాముండేశ్వరి కలశం పక్కన పెట్టింది.

మంగళవారం పొద్దున ఇద్దరం ఫోను మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. నా గిరాకీలు తమ పెట్టెలు తామే తూచుకుంటున్నారు. మోగింది.

“బావా! పడింది! మూడు వేలు, ఇక్కడి చిల్లర ఒక్క బైసా కూడా తగ్గలేదు బావా!”

చాముండేశ్వరి నా చేతిలోంచి ఫోను లాక్కుంది. అక్కా తమ్ముడూ ఒకేసారి మాట్లాడుకున్నారు, ఎవరు వింటున్నారో దేవుడికి తెలియాలి. నేను మనసులో లెక్క కట్టుకున్నాను. సోమవారం బోర్డు ధరకే పంపి ఉంటే ఐదు లక్షల మూడు వేలు దాటేది, మాకు అందేదే కాదు. పోయింది నాలుగు లక్షల ఎనభై ఆరు వేలు. మిగిలింది పదిహేడు వేల చిల్లర. ఖాతాలో ఇంకా నాలుగు వేలున్నాయి. వ్రతం చెడలేదు. చేతిలో రసీదుంది.

“ఏవండీ,” అంది చాముండేశ్వరి. గొంతులో ఆనందం లేదు. “మీతో మాట్లాడాలంటున్నాడు.”

“బావా, డబ్బు పడిందని చూపించినా కోయా గారు మధ్యాహ్నం దాకా ఆగమంటున్నారు. మాటిచ్చారు కాబట్టి గడువు దాకా ఇంకెవరికీ ఇవ్వరట. కానీ ఆలోగా నేను ఇంకో మూడు వందలు కలపగలనా అని అడుగుతున్నారు. ఎవడో వచ్చి మూడు వేల మూడు వందలు నగదు ఇస్తానన్నాడట.”

“ఎవడు వాడు?”

“పేరు చెప్పడం లేదు. తెలుగువాడే. ధర, గడువు, అన్నీ తెలిసే వచ్చాడట. ఖాళీ చేతులతో రాకుండా ఊరి పచ్చడి కూడా తెచ్చి ఇచ్చాడు. కోయా గారు ఆ ప్యాకెట్ నాకు చూపించారు బావా. దాని మీద అక్క పేరుంది.”

తలెత్తి చూశాను. రోడ్డుకవతల మల్లేశ్వర్ ఆఫీసు షట్టరు దించి ఉంది.

మాగాయ రెండు కిలోలు. కిలో నాలుగు వందల లెక్కన ఎనిమిది వందలు. అతని దగ్గర లెక్కపెట్టి తీసుకుని, గల్లాలో వేసింది నేనే.